ఎదురుబరువు

కవరు మంగళవారం వచ్చింది.
సంతకం పెట్టించుకుని కొరియర్ కుర్రాడు
మల్కాపురం సందులోకి దిగిపోయాడు.
డెబ్బై నిండినందుకు
ఇన్సూరెన్సు వారు నన్ను అభినందించి
ఏటా కట్టాల్సింది లక్షా పన్నెండు వేలు చేశారు.

చిన్నమ్మలు కళ్ళజోడు తుడుచుకుని
ఆ అంకెని వేలితో ఎత్తి చూసింది,
బజార్లో కోనాం చేప మొప్ప ఎత్తి చూసినట్టు.
"కుళ్ళిపోనాది," అంది.

ఇరవై ఆరేళ్ళు మస్కట్ రేవులో
ఆరంతస్తుల ఎత్తున ఒక గదిలో కూర్చున్నాను.
ముందు అద్దం, అద్దం కింద ఓడ.
ఒళ్ళు వెచ్చబడితే జేబులో కార్డుండేది.
అది చూపిస్తే చాలు
ఆస్పత్రిలో ఎవరూ డబ్బు మాటెత్తేవారు కాదు.
ఆఖరి రోజున గుర్తింపు బిళ్ళ, హెల్మెట్, ఆ కార్డు
మూడూ బల్ల మీద పెట్టించుకున్నారు.
హెల్మెట్ ఒక్కటే బతిమాలి తెచ్చుకున్నాను.
ఇప్పుడందులో వెల్లుల్లి ఉంటోంది.

అప్పట్నుంచి పదేళ్ళుగా సొంత డబ్బే.
పదేళ్ళలో వాళ్ళు నాకిచ్చింది
ఓ గోడ క్యాలెండరు,
కంటి శుక్లం ఆపరేషన్‌కి సగం ఖర్చు.
మిగతా సగం ఏదంటే
ఇరవై మూడో పేజీ చదువుకోమన్నారు.
ఆ పేజీ చదవడానికే కదా నాయనా
శుక్లం తీయించుకున్నది!

పెదగంట్యాడ మడ్డు జోగినాయుడు,
నా పక్క క్రేన్ వాడు,
ఒక్క ఏడూ మానకుండా కట్టాడు.
ఒక్క పూటా మంచం పట్టకుండా
నిద్దట్లో పోయాడు.
పదోరోజున అల్లుడు లెక్క తీశాడు:
కట్టింది ఏడు లక్షల పైచిలుకు, వచ్చింది సున్నా.
"మావయ్య మోసపోయాడు," అన్నాడు.
జబ్బు చెయ్యకపోవడాన్ని అలా అంటారని
నాకు అప్పటిదాకా తెలీదు.

ఎస్తేరు టీచరమ్మ లుసాకాలో
పిల్లలకి లెక్కలు చెప్పి వచ్చిన మనిషి.
లెక్క వేసుకునే కట్టడం మానేసింది.
మొన్న రామ్‌నగర్ మందుల షాపు దగ్గర కనిపించి
గుండె మీద చెయ్యి వేసి నవ్వింది.
"మర్రిపాలెం స్థలం ఇప్పుడు ఇక్కడుంది."

క్రేన్ వెనకాల ఒక దిమ్మ ఉంటుంది.
సరుకు ఎత్తదు, ఓడ ముఖం చూడదు.
ఇన్ని టన్నుల దండగ దేనికని
కొత్త కుర్రాళ్ళు అడిగేవారు.
అది లేకపోతే మొదటి పెట్టెకే
మూతి నీళ్ళలో పెట్టేస్తుంది క్రేన్.

ఇంతవరకూ ఏజెంటు కుర్రాడైనా చెప్పగలడు.
వాడు చూడనిది ఒకటుంది, నేను చూశాను.
దిమ్మ మరీ ఎక్కువైతే,
కొక్కేనికి ఏమీ లేని పూట,
చెయ్యి నిలువునా పైకి లేచి ఉన్నప్పుడు,
క్రేన్ వెనక్కి పడుతుంది.
ఏమీ మొయ్యకుండానే పడుతుంది.
నెలనెలా పెన్షనంటూ లేని ఇంట్లో
ఈ లక్షా పన్నెండు వేలు ఏ దిమ్మో?

చింతపండులో గింజలు తీస్తూ
చిన్నమ్మలు అంతా వింది.
"ఎంత బరువెట్టాలో నీకు ఎవులు సెప్పీవోరు?"
"గదిలో చార్టు అంటించి ఉండేది."
"మరి మనకేదీ సార్టు?"

గడువు దాటి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు.
ముప్పై దాకా దయ ఉందట, కాగితం మీదే రాశారు.
రాత్రి కరెంటు పోయి
డాబా మీద కూర్చుంటే రేవు చప్పుడు.
ఎవడో కుర్రాడు బరువు దించుతున్నాడు.
తొందర లేదు వాడికి, చెవికి తెలుస్తోంది.

తెల్లారి చూస్తే వంటగట్టు మీద
వాళ్ళిచ్చిన క్యాలెండరే, వెనక్కి తిప్పి ఉంది.
స్కేలు లేకుండా కొట్టిన గీతలు.
నీ బీపీ. నా మోకాళ్ళు. బ్యాంకులో ఉన్నది.
పై వాటా అద్దె. మీ నాన్న పోయిన వయసు.
మా అమ్మ ఇంకా బతికున్న వయసు.
అడుగున ఒక గడి ఖాళీ.

కాఫీ గ్లాసు పెట్టి
పెన్సిలు నా వైపు తోసింది.